చూరు వెతుక్కున్న ఆడవాళ్లు (కరువు సీమ చరిత్ర: 17వ భాగం)

1270 ప్రాంతంలో జర్మనీలోని హెల్ఫ్తా అనే చోట ఉన్న కన్యాస్త్రీల మఠానికి అరవై దాటిన ఒక ముసలమ్మ వచ్చి చేరింది. పేరు మెచ్‌టిల్డ్. అంతకు ముందు దాదాపు నలభై ఏళ్లు మాగ్డెబుర్గ్ పట్టణంలో బతికింది. ఏ మఠంలోనూ చేరకుండా, పెళ్లి చేసుకోకుండా, పట్టణాల్లో తమంతట తాము ప్రార్థనలోనూ రోగుల సేవలోనూ కాలం గడిపే ఆడవాళ్లు ఆ రోజుల్లో చాలామంది ఉండేవారు. వాళ్లను బెగీన్‌లు అనేవారు. మెచ్‌టిల్డ్ వాళ్లలో ఒకతె. పన్నెండో ఏట తనను దైవం తాకిందని చెప్పుకున్న ఈవిడ, 1250 నుంచి ఆ అనుభవాలను రాయడం మొదలుపెట్టింది. చదువుకున్న వాళ్ల లాటిన్‌లో కాదు, తన ఊళ్లో జనం మాట్లాడే జర్మన్‌లో. ఆత్మ పెళ్లికూతురు, దైవం పెళ్లికొడుకు. మధ్యలో పూజారుల అవినీతిని నిలదీసే పేజీలు. ఆ పుస్తకాన్ని తగలబెడతామని బెదిరించిన వాళ్లున్నారని ఆమే రాసుకుంది. చివరికి ఒంట్లో సత్తువ తగ్గి, చూపు పోతున్న దశలో హెల్ఫ్తా తలుపు తట్టింది. లోపలి వాళ్లు చేర్చుకున్నారు. పుస్తకంలో మిగిలిన ఏడో భాగాన్ని ఆమె చెబుతుంటే మఠంలోని చెల్లెళ్లు రాసిపెట్టారు.

పెన్నకూ హగరికీ మధ్య ఉన్న మెరక నేల కథ చెప్పుకుంటూ జర్మనీ దాకా ఎందుకు వెళ్లవలసి వచ్చిందంటే, ఒక ప్రశ్న రెండు చోట్లా ఒకటే. మగదిక్కు పోయిన ఆడది, లేదా మగదిక్కే వద్దనుకున్న ఆడది, దేవుణ్ణి పట్టుకుని బతుకుతానంటే ఆమెకు చూరు ఎవరిస్తారు? జర్మనీలో దానికి ఒక ఇల్లు ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని మన అనంతపురం మెరక మీద, దాని చుట్టూ ఉన్న సీమలో, ఒక్కో ఆడమనిషి తనకు తానుగా ఒక్కో జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

ముందు ఆ ఇంటిని కాస్త దగ్గరగా చూద్దాం. హెల్ఫ్తా మఠం పుట్టింది 1229లో, మాన్స్‌ఫెల్డ్‌లో. రెండు చోట్లు మారి 1258లో హెల్ఫ్తాకు చేరింది. 1251 నుంచి 1291 దాకా నలభై ఏళ్లు దానికి పెద్దగా ఉన్నది హాకెబోర్న్ వంశపు గెర్ట్రూడ్. ఈమెకు పుస్తకాల పిచ్చి. దొరికిన ప్రతి మంచి పుస్తకాన్నీ కొనేది, కొనలేని వాటిని చెల్లెళ్ల చేత నకలు రాయించేది. చదువు మీద ఆసక్తి చచ్చిపోతే గ్రంథం అర్థం కాదు, గ్రంథం అర్థం కాకపోతే భక్తి కూడా నిలవదు అన్నది ఆమె వాదన. ఆ మఠానికే అయిదేళ్ల పిల్లగా వచ్చి చేరిన మరో గెర్ట్రూడ్ లాటిన్, వ్యాకరణం, శాస్త్రాలు అన్నీ అక్కడే నేర్చింది. ఇరవై అయిదేళ్ల వయసులో, 1281 జనవరి 27 సాయంత్రం, ఆమెకు మొదటి దర్శనం కలిగింది. ఎనిమిదేళ్లు ఆగి, 1289లో రాయడం మొదలుపెట్టింది. చర్చి ఈమెను మహా గెర్ట్రూడ్ అంటుంది. మూడో ఆవిడ పేరు కూడా మెచ్‌టిల్డే, మఠం పెద్దకు స్వయానా చెల్లెలు, పాటలు పాడించే బాధ్యత ఆమెది. జబ్బుతో మంచం పట్టినప్పుడు తన అనుభవాలను పక్కనున్న వాళ్లతో చెప్పుకుంటే, ఆమెకు తెలియకుండానే ఏళ్లతరబడి వాళ్లు రాసుకుంటూ పోయారు. సంగతి బయటపడ్డాక ఆమె మొదట తల్లడిల్లింది, తర్వాత ఒప్పుకుంది.

ఒక్క ఇంట్లో, ఒక్క తరంలో, ముగ్గురు ఆడవాళ్ల మాటలు పుస్తకాలుగా నిలిచాయి. ఆ ముగ్గురూ మహా ప్రతిభావంతులు కావడం నిజమే. కానీ ప్రతిభ ఒక్కటే అయితే మనకు అక్కడా ఇక్కడా ఒక పేరు మిగిలేది, అంతే. చూరు ఉంది, తోలు కాగితం ఉంది, సిరా ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, చెబితే విని రాసిపెట్టే తోటి ఆడవాళ్లు ఉన్నారు. మధ్యయుగపు జర్మన్ కన్యాస్త్రీల గురించి చదివినప్పుడల్లా నన్ను పట్టి నిలిపేది వాళ్ల దర్శనాలకంటే ఈ ఏర్పాటే.

అలాగని ఆ మఠాలను స్వర్గంగా చూపడం న్యాయం కాదు. అవి ఎక్కువగా దొరల కూతుళ్లవి. చేరాలంటే పుట్టింటి వాళ్లు భూమో డబ్బో ముట్టజెప్పాలి. చాలామంది పిల్లలను అడగకుండానే అక్కడ వదిలేసేవారు. 1284లో హెల్ఫ్తాను మాన్స్‌ఫెల్డ్ దొరల ఇంటివాడే దోచుకున్నాడు. మఠం బయట ఉన్న బెగీన్‌ల గతి మరీ కష్టం. 1310లో మార్గరీత్ పోరేత్ అనే ఆవిడను, పుస్తకం వెనక్కి తీసుకోలేదని పారిస్‌లో నిలువునా కాల్చారు. మెచ్‌టిల్డ్ ముసలితనంలో హెల్ఫ్తా గోడల లోపలికి ఎందుకు వెళ్లిందో ఆ మంటను చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మన మెరకకు వద్దాం. వజ్రకరూరు మండలంలో, గుంతకల్లుకు దగ్గర్లో కొనకొండ్ల ఉంది. జైనుల మహాచార్యుడు కుందకుందుడు ఈ ఊరివాడని సంప్రదాయం. ఊరి దగ్గర రససిద్ధుల గుట్ట మీద జైన శిల్పాలు ఇప్పటికీ ఉన్నాయి. కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుని కాలపు శాసనం ఒకటి, 1081 నాటిది, ఇక్కడ దొరికింది. నాళికబ్బె అనే స్త్రీ, చనిపోయిన తన భర్త జ్ఞాపకంగా ఈ తీర్థంలో చట్ట జినాలయం కట్టించిందని, దానికి దానం జరిగిందని అందులో ఉంది. మొగుడు పోయిన ఆడది శాసనంలో కట్టడం యజమానురాలిగా నిలబడింది. రైన్ నది ఒడ్డున తన దర్శనాలతో పోపును కూడా కదిలించిన హిల్డెగార్డ్ పుట్టడానికి అప్పటికి ఇంకా పదిహేడేళ్లుంది.

నాళికబ్బె కట్టించిన దాని గురించి రాయి చెబుతుంది. ఆ గుడి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆమెకు లోపల ఏమనిపించిందో చెప్పదు. చెప్పడం రాయి పని కాదు. హిల్డెగార్డ్ విషయంలో ఆ పని చేయడానికి వోల్మార్ అనే సన్యాసి కలం పట్టుకుని పక్కన కూర్చున్నాడు. తెలుగు నేలకు కూడా ఒకప్పుడు సన్యాసినులు కొత్త కాదు. అమరావతి స్తూపపు రాళ్ల మీద దానం చేసిన భిక్షుణుల పేర్లు ఎన్నో ఉన్నాయి. కానీ నాళికబ్బె నాటికి ఆ బౌద్ధ విహారాల కాలం ఎన్నో వందల ఏళ్ల వెనక్కి పోయింది.

తర్వాతి శతాబ్దంలో, మన మెరకకు పడమట, శివమొగ్గ వైపు ఉడుతడిలో ఒక పిల్ల పుట్టింది. మన పక్కన మడకశిర, అమరాపురం, రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడే ఇళ్లలో ఆమెను ఇప్పటికీ అక్క అనే అంటారు. అక్క మహాదేవి. కౌశికుడనే రాజు ఆమెను కోరడం, ఆమె అన్నీ, కట్టుబట్ట కూడా, వదిలేసి జుట్టునే చీరగా కప్పుకుని బయటికి నడవడం అందరూ విన్న కథే. ఆమె పెళ్లికొడుకు మాత్రం తెలుగు నేల మీద ఉన్నాడు. శ్రీశైలంలోని చెన్నమల్లికార్జునుడు. ప్రతి వచనం చివరా ఆయన పేరే. ఉడుతడి నుంచి కల్యాణానికి, అక్కడి నుంచి శ్రీశైలం కదళీవనానికి సాగిన ఆమె బతుకంతా అత్తారింటి దారిగానే ఆమె చూసుకుంది.

కల్యాణంలో ఆమెకు హెల్ఫ్తా లాంటిది దాదాపు దొరికింది. బసవన్న కూడగట్టిన శరణుల సభలో అల్లమప్రభు ఆమెను తీవ్రంగా పరీక్షించాడని, ఆమె జవాబులు విని అందరూ అక్క అని ఒప్పుకున్నారని శూన్యసంపాదనె అనే కన్నడ గ్రంథం చెబుతుంది. ఆ సభలో చాకలి, మాదిగ, మేదరి, పడవ నడిపేవాడు అందరూ ఉన్నారు. ఆడవాళ్లూ ఉన్నారు. దొరల కూతుళ్లకే తలుపు తెరిచే జర్మన్ మఠంకంటే ఈ విషయంలో కల్యాణం ఎంతో ముందుంది. కానీ అది ఇల్లు కాలేకపోయింది. 1167-68 నాటి కల్లోలంలో కల్యాణపు రాజు బిజ్జలుడు హతుడయ్యాడు, శరణులు చెల్లాచెదరయ్యారు. అక్క మాటలు నాలుగు వందలకు పైగా మనకు అందాయంటే, ఆ చెదిరిన జనం ఎక్కడికి పోయినా వాటిని కంఠస్థం చేసి, తర్వాత తాటాకుల కెక్కించి కాపాడడం వల్లనే. ఆ పరంపర నుంచే వీరశైవ మఠాలు వచ్చాయి. ఉరవకొండ గవిమఠం మన మెరక మీద వాటిలో పేరున్నది. ఆ పీఠాల మీద కూర్చున్నది మాత్రం మగవాళ్లే.

ఆ కల్యాణపు గాలి తెలుగులోకి పాల్కురికి సోమనాథుని బసవ పురాణంతో వచ్చింది. పదమూడో శతాబ్దం, ద్విపద, జనం పాడుకునే తెలుగు. అందులోని బెజ్జ మహాదేవి కథ దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఆమెకు ఒక బాధ పట్టుకుంటుంది: అందరికీ తల్లి ఉంది, శివుడికి లేదు. తల్లే ఉంటే బిడ్డను శ్మశానంలో తిరగనిస్తుందా? విషం తాగనిస్తుందా? తిరిపెమెత్తుకోనిస్తుందా? ఇలా అనుకుని లింగాన్ని ఒళ్లో పెట్టుకుని తనే తల్లి అవుతుంది. నలుగు పెడుతుంది, లాలపోస్తుంది, కాటుక దిద్దుతుంది, పాలు పట్టి జోకొడుతుంది. శివుడు ఆమెను పరీక్షించాలని అంగిటిముల్లు వచ్చిన పసివాడిలా పాలు తాగడం మానేస్తాడు. చంటిపిల్లలున్న ఇంటివాళ్లకు అది ఎంత భయమో తెలుసు. ఆమె గుండె బాదుకుని ప్రాణం తీసుకోబోతే ప్రత్యక్షమవుతాడు. దేవుడికి తల్లి కనుక ఆమె అమ్మవ్వ.

సోమనాథుడు ఈ కథ చెప్పిన తర్వాత దాదాపు నూరేళ్లకు, దక్షిణ జర్మనీలోని మేడింగెన్ మఠంలో మార్గరెతా ఎబ్నర్ అనే కన్యాస్త్రీ ఉండేది. 1344లో ఆమెకు వియన్నా నుంచి ఒక కానుక వచ్చింది: తొట్టిలో పడుకున్న బాలయేసు బొమ్మ. ఆమె ఆ బొమ్మను ఎత్తుకుంది, రాత్రిళ్లు నిద్ర లేచి ఆడించింది, రొమ్ముకు హత్తుకుని పాలిచ్చినట్టు అనుభవించింది. అదంతా తనే రాసింది. రాయమని వెంటపడింది ఆమె గురువు, స్నేహితుడు నోర్డ్‌లింగెన్ హైన్‌రిష్. మెచ్‌టిల్డ్ పుస్తకాన్ని దక్షిణ జర్మన్‌లోకి దింపించి, ఆ ప్రతిని మార్గరెతాకు పంపిందీ ఆయన చుట్టూ ఉన్న వాళ్లే. బెజ్జ మహాదేవికీ మార్గరెతాకూ ఒకరి ఊసు ఇంకొకరికి తెలిసే దారి లేదు. బిడ్డను కనని ఇద్దరు ఆడవాళ్లు దేవుణ్ణి బిడ్డగా చేసుకున్నారు. తేడా ఒక్కటే. మార్గరెతా కథ మార్గరెతా చేతి రాత. బెజ్జ మహాదేవి కథ ఆమె గొంతులో లేదు. ఒక మహాకవి దయ ఆమెను మనదాకా తెచ్చింది.

కదిరి దగ్గర గూటిబైలు వెళ్లిన వాళ్లకు తిమ్మమ్మ మర్రిమాను తెలుసు. అయిదెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 1434లో భర్త చితి మీద తిమ్మమ్మ సహగమనం చేసిందని, ఆ చితికి నాటిన గుంజ ఒకటి ఇలా చిగిర్చిందని స్థలపురాణం. పిల్లలు కావాలని ఆడవాళ్లు ఇప్పటికీ అక్కడ మొక్కుకుంటారు. వాళ్ల నమ్మకానికి దణ్ణం పెడుతూనే ఒక మాట అనాలి. ఈ మెరక మొగుడు పోయిన ఆడదానికి చూపించిన దారుల్లో ఒకటి అది, రెండోది తల గొరిగించుకుని వంటింటి మూలన బతకడం.

ఈ రెండూ కాదన్న మనిషి కోసం కదిరికి ఆగ్నేయంగా, గుర్రంకొండ దగ్గరి తరిగొండకు పోవాలి. పాత చిత్తూరు జిల్లా. అదీ ఇలాంటి మెరక నేలే, ఇలాంటి చెరువుల కిందే సేద్యం. కదిరిలో, పెన్నహోబిలంలో ఉన్నట్టే ఇక్కడా కొలువున్నది లక్ష్మీనరసింహుడు. 1730లో కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు వెంగమాంబ పుట్టింది. చిన్ననాటనే పెళ్లి, అంతలోనే వైధవ్యం. తన భర్త వేంకటేశ్వరుడే, ఆయనకు చావు లేదు, నేను విధవను కాను అంది. బొట్టు తీయలేదు. తల గొరిగించుకోలేదు. ఊరు భగ్గుమంది. పుష్పగిరి పీఠాధిపతి వచ్చినప్పుడు ఫిర్యాదు చేశారని, ఆ పంచాయితీలో కూడా ఆమె తల వంచలేదని కథలు కథలుగా చెప్పుకుంటారు. జుట్టు గురించి ఇంత రగడా అనిపించవచ్చు. మఠంలో చేరిన జర్మన్ కన్యక జుట్టు కత్తిరించుకుంటే అది దైవానికి పెళ్లికూతురు అయినందుకు గుర్తు. మన దగ్గర అదే కత్తి పెళ్లి ముగిసిందని చాటడానికి. వెంగమాంబ తాను పెళ్లికూతుర్నే అన్నది. కనుక జుట్టు ఉంచుకోవడం ఆమెకు సిద్ధాంతమే.

మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువై యోగమార్గం చూపాడు. ఇంట్లో ధ్యానానికి చోటు లేక గుళ్లో ఆంజనేయ విగ్రహం వెనక కూర్చుని సాధన చేసేదట. పూజారి ఒకరు చూసి, జుట్టు పట్టి బయటికి ఈడ్చారని చెబుతారు. ఆమె ఊరు వదిలి తిరుమల కొండ ఎక్కింది.

ఈ ఒక్క సన్నివేశంలో ఆమెకూ మెచ్‌టిల్డ్‌కూ ఉన్న దూరం మొత్తం కనిపిస్తుంది. ధ్యానం చేసుకోవడానికి నాలుగు గోడలు కావాలి, విగ్రహం చాటు సరిపోదు. తిరుమలలోనూ మొదట సుఖం లేదు. హాథీరాంజీ మఠం మహంతులు ఉండడానికి చోటిచ్చారని, పక్కింటి అర్చకుల పోరు పడలేక ఆమె తుంబురుకోనకు వెళ్లి అడవిలో ఏళ్లు గడిపిందని అంటారు. ఆమె కొండ మీద ఉన్న కాలంలో కింద దేశం చేతులు మారుతూనే ఉంది. గుర్రంకొండ సీమ కడప నవాబుల నుంచి హైదరాలీకి, టిప్పుకు, చివరికి 1800లో దత్తమండలాలతో పాటు కుంఫిణీకి పోయింది. కుంఫిణీ కలెక్టరు మన్రో అనంతపురంలో దిగి శిస్తులు కడుతున్న రోజుల్లో ఆమె డెబ్బయ్యేళ్ల ముసలమ్మ.

ఇన్నిటి మధ్య ఆమె రాసింది. తరిగొండ నృసింహ శతకం, యక్షగానాలు, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, వేంకటాచల మాహాత్మ్యం, రాజయోగామృత సారం. ఎక్కువగా ద్విపదలు, పాటలు, ఆటలు, అంటే చదువు రాని వాళ్లూ వినగలిగేవి. సోమనాథుని దారి అదే, ఊరి జర్మన్‌లో రాసిన మెచ్‌టిల్డ్ దారి అదే. తనకు చదువు చెప్పినవాళ్లు లేరని, పలికించేవాడు స్వామేనని వెంగమాంబ చెప్పుకుంది. హిల్డెగార్డ్ కూడా తాను చదువురాని ఆడదాన్నని పదేపదే అంది. మెచ్‌టిల్డ్ తనకు లాటిన్ రాదంది. ఆరు వందల ఏళ్ల తేడాలో ముగ్గురూ ఒకే మాట అనడంలో వినయం ఉంది, దాని వెనక గట్టి తెలివి కూడా ఉందని నా నమ్మకం. నేను చదివి చెబుతున్నాను అంటే నీకు చదివే హక్కు ఎవరిచ్చారని అడుగుతారు. దేవుడు చెప్పించాడంటే ఆయనతో తగువు పెట్టుకోవాలి.

వెంగమాంబ చేసిన మరో పని హెల్ఫ్తాలోని ముగ్గురూ చేయవలసిన అవసరం లేకపోయింది. తన మఠాన్ని తనే కట్టుకుంది. తిరుమలలో ఇల్లు నిలబెట్టింది, యాత్రికులకు అన్నదానం మొదలుపెట్టింది, చలిపందిళ్లు పెట్టించింది. దాతలు భూములూ పైకమూ ఇస్తూ దానపత్రాలు రాశారు. దర్శనాలు చూసే మనిషి లెక్కలు చూడలేదనుకుంటాం. కొత్త మఠానికి ఆస్తిహక్కు కోసం పాత మఠంతో ఏళ్ల తరబడి పోట్లాడిన హిల్డెగార్డ్‌నూ, అన్నదానానికి పత్రాలు సంపాదించిన వెంగమాంబనూ చూస్తే ఆ అభిప్రాయం మార్చుకోక తప్పదు. కరువు సీమ నుంచి వెళ్లిన ఆడది తన భక్తికి అన్నంకుండను ఆనవాలుగా ఎంచుకోవడం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

1817 శ్రావణ శుద్ధ నవమినాడు ఆమె కన్నుమూసింది. బృందావనం తిరుమలలోనే ఉంది. రాత్రి ఏకాంత సేవలో తాళ్లపాక వారి లాలి తర్వాత తరిగొండ వారి ముత్యాల హారతి ఇప్పటికీ జరుగుతుంది. 2011లో తెరిచిన తిరుమల అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. ఆ భవనంలో రోజూ వేలమంది భోంచేసి వస్తారు. వారిలో రాజయోగామృత సారం పేరు విన్నవాళ్లు ఎంతమంది? ఆమెను అన్నపూర్ణగా నిలబెట్టి, యోగినిగా, కవిగా పక్కకు నెట్టడం అన్యాయమని గట్టిగా అంటాను. తెలుగులో ఆమె కూర్చోవలసింది అన్నమయ్య సరసన. లోకంలో కూర్చోవలసింది మెచ్‌టిల్డ్ సరసన.

మెచ్‌టిల్డ్ సొంత భాషలో రాసుకున్న ప్రతి పోయింది. మిగిలిన అనువాదం స్విట్జర్లాండులోని ఐన్‌సీడెల్న్ మఠం గ్రంథాలయంలో అయిదు వందల ఏళ్లు ఎవరికీ పట్టకుండా పడి ఉంది. 1861లో ఒక పండితుడి కంట పడింది, 1869లో అచ్చయింది. ఆ ఇల్లు లేకపోతే ఆ కట్ట ఎప్పుడో పొయ్యిలోకి పోయేది. మన మెరక మీద అలాంటి గ్రంథాలయాలు లేకపోయినా తత్వాలు పాడేవాళ్లున్నారు. గుత్తి, కదిరి, పెనుకొండ, రాయదుర్గం పల్లెల్లో భజన గుంపుల దగ్గర చేతిరాత పుస్తకాలుంటాయి, అటకల మీద తాటాకు కట్టలుంటాయి. వాటిలో ముద్ర చరణం దగ్గర ఆడపేరు కనిపిస్తే ఆ పేజీని ఫోటో తీసి పత్రిక చిరునామాకు పంపండి. ఏ ఊరిది, ఎవరు పాడేవారు, ఏ పండక్కి పాడేవారు అన్నది కూడా రాయండి. వాటి మీద వేరే భాగం రాస్తాను. వచ్చే సంచికలో వేమన కటారుపల్లి.